అమ్మ మింగబోయే అయోడిన్ బిళ్ల, అణు విచ్ఛిత్తి: రెండిటికీ సంబంధం ఎంత?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మకి 58 ఏళ్లు. థైరాయిడ్ క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో రేడియో అయోడిన్ ఇవ్వాలంటున్నారు. బిళ్ల రూపంలో 100 మిల్లీక్యూరీలు ఇచ్చి, రెండు మూడు రోజులు విడి గదిలో ఉంచుతారట. మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. "చెర్నోబిల్‌లో పిల్లలకి క్యాన్సర్ తెచ్చింది ఈ అయోడిన్-131నే అక్కా, ఇది రియాక్టర్‌లో పుడుతుంది, బాంబులో జరిగేదే దీన్లోనూ జరుగుతుంది" అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి అమ్మ ఆ మందే వద్దంటోంది. రేడియోధార్మిక క్షయం, కేంద్రక విచ్ఛిత్తి రెండూ ఒకటేనా? మా పాపకి మూడేళ్లు, అమ్మమ్మని క్షణం వదలదు. రెండు నెలల్లో అమ్మ డాలస్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్లాలి కూడా. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు చెప్పిన మూడు మాటల్లో రెండు నిజం. అణు రియాక్టర్ పేలిన చెర్నోబిల్‌లో పిల్లల గొంతుల్లో చేరింది అయోడిన్-131నే. అది రియాక్టర్‌లో పుడుతుందన్నదీ నిజమే. బాంబులో జరిగేది ఆ బిళ్లలో జరుగుతుందన్నది మాత్రం పూర్తిగా తప్పు. ఆ ఒక్క తప్పు మాటకి భయపడి మీ అమ్మగారు వైద్యం మానుకుంటే అంతకంటే బాధ పడాల్సింది ఉండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు చదివి, ఆవిడకి మీ మాటల్లో చెప్పండి. తమ్ముణ్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, వాడికి పరీక్షకి కూడా పనికొస్తుంది.

ముందు ఆ బిళ్లలో ఏముందో చూద్దాం. మనం ఉప్పులో తినే మామూలు అయోడిన్ పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకంలో 53 ప్రోటాన్లు, 74 న్యూట్రాన్లు ఉంటాయి. అది ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. అయోడిన్-131లోనూ ప్రోటాన్లు 53 కాబట్టి శరీరానికి రెండూ ఒకటే, తేడా తెలియదు. కానీ న్యూట్రాన్లు 78 ఉంటాయి. ఆ నాలుగు ఎక్కువ కావడంతో కేంద్రకానికి నిలకడ ఉండదు. ఏదో ఒక క్షణాన అందులో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది. మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్ వేగంగా బయటికి దూసుకొస్తుంది, దాన్నే బీటా కిరణం అంటాం. చాలాసార్లు దాని వెనకే గామా కిరణం కూడా వస్తుంది. ప్రోటాన్ల సంఖ్య 53 నుంచి 54 అయింది కాబట్టి అది ఇక అయోడిన్ కాదు, జెనాన్ అనే వాయువు. జెనాన్-131కి నిలకడ ఉంది. అక్కడితో దాని కథ అయిపోయింది.

రేడియోధార్మిక క్షయం అంటే ఇదే. దీంట్లో రెండు విషయాలు పట్టుకోవాలి. ఒకటి, ఆ కేంద్రకాన్ని ఎవరూ కదిలించలేదు. బయటి నుంచి ఏదీ వచ్చి తగల్లేదు, తనంతట తానే మారింది. రెండోది, పక్కనున్న కేంద్రకానికి దీనితో ఏ సంబంధమూ లేదు. ఇది మారినంత మాత్రాన అది మారదు. దేని సమయం దానిదే. ఏ కేంద్రకం ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, పెద్ద గుంపుని తీసుకుంటే ఎనిమిది రోజుల్లో సగం మారిపోతాయని కచ్చితంగా చెప్పొచ్చు. మిగిలిన సగంలో సగం ఇంకో ఎనిమిది రోజుల్లో మారతాయి. దీన్నే అర్ధాయువు అంటారు, మీ తమ్ముడి భాషలో హాఫ్ లైఫ్. వేడి చేసినా, చల్లబరిచినా, యాసిడ్‌లో వేసినా, నలగ్గొట్టినా ఆ ఎనిమిది రోజులు ఏడు కావు, తొమ్మిది కావు.

మీ అమ్మగారికి ఇవ్వబోయే 100 మిల్లీక్యూరీలు అంటే సెకనుకి 370 కోట్ల కేంద్రకాలు అలా మారుతుంటాయి. అంకె వింటే గుండె ఝల్లుమంటుంది కదా? ఇప్పుడు బరువు చూడండి. అంత రేడియోధార్మికత ఇచ్చే అయోడిన్-131 తూకం ఒక గ్రాములో పది లక్షల వంతు కూడా ఉండదు. కంటికి ఆనదు. బిళ్లలో మీకు కనిపించేదంతా పైతొడుగూ, మందుని పట్టి ఉంచే మామూలు పొడీ.

ఇక విచ్ఛిత్తి సంగతి. యురేనియంలో యురేనియం-235 అనే రకం ఒకటుంది. ప్రకృతిలో దొరికే యురేనియంలో అది నూటికి 0.72 వంతు మాత్రమే. దాని కేంద్రకాన్ని ఒక న్యూట్రాన్ వచ్చి తాకి, లోపలికి చేరిందనుకోండి. అప్పుడు కేంద్రకం ఊగిసలాడి, సాగి, రెండు ముక్కలవుతుంది. క్షయంలో మాదిరిగా చిన్న కణం ఒకటి బయటికొచ్చి మిగతాదంతా ఉన్నచోట ఉండటం కాదు, కేంద్రకం మొత్తం చీలిపోతుంది. ముక్కలు సాధారణంగా సమానంగా ఉండవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటితో పాటు రెండో మూడో కొత్త న్యూట్రాన్లు విడుదలవుతాయి. అసలు విషయమంతా ఆ కొత్త న్యూట్రాన్లలోనే ఉంది. అవి పక్కనున్న యురేనియం-235 కేంద్రకాలను తాకితే అవీ చీలతాయి, వాటి నుంచి మరిన్ని న్యూట్రాన్లు వస్తాయి. ఇదే గొలుసు చర్య. అదుపులో ఉంచితే రియాక్టర్, వదిలేస్తే బాంబు.

శక్తిలో కూడా చాలా తేడా ఉంది. కేంద్రకాల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. ఒక అయోడిన్-131 కేంద్రకం మారితే వచ్చే శక్తి ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల కంటే కాస్త తక్కువ. ఒక యురేనియం-235 కేంద్రకం చీలితే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు.

ఇప్పుడు మీ ఇంట్లో వచ్చిన భయానికి నేరుగా జవాబు చెప్తాను. అయోడిన్-131 మారేటప్పుడు న్యూట్రాన్లు రావు, ఎలక్ట్రానూ గామా కిరణమూ వస్తాయి. అవి ఇంకో అయోడిన్ కేంద్రకాన్ని చీల్చలేవు, తొందరపెట్టనూ లేవు. కాబట్టి గొలుసు అనేది మొదలవడానికే వీల్లేదు. ఒక బిళ్ల కాదు, వంద బిళ్లలు ఒకచోట పోసినా పేలుడు జరగదు. రేడియేషన్ వంద రెట్లు అవుతుంది, అంతే.

మరి ఇది రియాక్టర్‌లో పుడుతుందన్న మాట నిజమేనన్నాను కదా, అదెలా? యురేనియం చీలినప్పుడు వచ్చే ముక్కలకి న్యూట్రాన్లు అవసరానికి మించి ఉంటాయి. పెద్ద కేంద్రకాలకి న్యూట్రాన్లు ఎక్కువ కావాలి, చిన్నవాటికి తక్కువ చాలు. చీలిక తర్వాత ముక్కలు చిన్నవయ్యాయి, కానీ పాత న్యూట్రాన్లు వాటితోనే ఉండిపోయాయి. దాంతో ఆ ముక్కలకి నిలకడ ఉండదు, వరసగా క్షయం మొదలవుతుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 131 ఉన్న ముక్కనే తీసుకోండి. అది ఆంటిమొనీ-131 రూపంలో ఉంటే 23 నిమిషాల్లో సగం టెల్లూరియం-131 అవుతుంది. టెల్లూరియం-131లో సగం 25 నిమిషాల్లో అయోడిన్-131 అవుతుంది. అయోడిన్-131లో సగం ఎనిమిది రోజుల్లో జెనాన్-131 అవుతుంది. జెనాన్ దగ్గర ఆగిపోతుంది. మొదట ఒక్క క్షణంలో జరిగిన చీలిక విచ్ఛిత్తి. ఆ తర్వాత నిమిషాలు, రోజులు తీసుకుని జరిగినదంతా క్షయం. ఈ వరసను మీ తమ్ముడు నోట్సులో ఒక గీత గీసి రాసుకుంటే రెండిటికీ తేడా ఇక మర్చిపోడు.

మన దేశంలో ఆసుపత్రులకి వచ్చే అయోడిన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. దీన్ని సాధారణంగా యురేనియం ముక్కల్లోంచి ఏరరు. ముంబై ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం వారి ధ్రువ రియాక్టర్ ఉంది, 1985 నుంచి నడుస్తోంది. అందులో టెల్లూరియం ఆక్సైడ్ పెడతారు. రియాక్టర్‌లో యురేనియం చీలి వచ్చే న్యూట్రాన్లలో కొన్నిటిని టెల్లూరియం-130 పట్టుకుని టెల్లూరియం-131 అవుతుంది. పైన చెప్పిన వరసలోకి మధ్యలో వచ్చి చేరిందన్నమాట. అక్కడి నుంచి దారి అదే, అయోడిన్, ఆపైన జెనాన్. టెల్లూరియంని బాగా వేడి చేస్తే అయోడిన్ ఆవిరిగా విడివడుతుంది, దాన్ని పట్టి శుద్ధి చేసి మందుగా చేసి పంపుతారు. అంటే మీ అమ్మగారి మందులో యురేనియం లేదు, విచ్ఛిత్తి లేదు. విచ్ఛిత్తి సాయంతో ముంబైలో తయారై, క్షయం చెందుతూ హైదరాబాద్ దాకా వస్తుంది. దారిలో కూడా తరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఇవ్వబోయే రోజుకి 100 మిల్లీక్యూరీలు ఉండేలా ముందే లెక్కగట్టి ఎక్కువ వేస్తారు. డాక్టర్లు తేదీ మార్చొద్దని పట్టుబట్టేది అందుకే. ఇది నిల్వ ఉంచే మందు కాదు.

మీ అమ్మగారికి ఒక సంగతి తప్పకుండా చెప్పండి. అయోడిన్-131ని కనిపెట్టినవారు గ్లెన్ సీబోర్గ్, జాన్ లివింగూడ్, అమెరికాలోని బర్కిలీలో, 1938లో. యురేనియం చీలుతుందని జర్మనీలో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ ప్రయోగంలో తేలింది అదే ఏడాది డిసెంబర్‌లో. వాళ్లకి కనిపించినదేమిటో లీసా మైట్నర్, ఒట్టో ఫ్రిష్ ఆ తర్వాతే వివరించారు. అంటే విచ్ఛిత్తి అనే మాట ప్రపంచానికి తెలియక ముందే ఈ అయోడిన్ ఉంది. మూడేళ్లు తిరక్కుండానే 1941లో అమెరికాలో సాల్ హెర్ట్జ్ అనే డాక్టర్ థైరాయిడ్ రోగులకి రేడియో అయోడిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో సీబోర్గ్ సొంత తల్లికే థైరాయిడ్ జబ్బు ముదిరితే, కొడుకు కనిపెట్టిన ఈ మందుతోనే వైద్యం చేశారు. ఆవిడ కోలుకుని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికారు. ఈ సంగతి సీబోర్గ్ ఎంతో సంతోషంగా చెప్పుకునేవారు.

రెండిటికీ ఉన్న తేడాల్లో ప్రాణాల మీదికి తెచ్చేది ఒకటుంది. విచ్ఛిత్తిని ఆపొచ్చు, క్షయాన్ని ఆపలేం. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి, నాకది చాలా లోటుగా అనిపిస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో 1993 మార్చి 31న తెల్లవారుజామున మొదటి యూనిట్‌లో టర్బైన్ రెక్కలు విరిగాయి. ఆ అదురుకి జనరేటర్‌ని చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి అంటుకుంది. మంటలు కేబుళ్లకి పాకాయి. కేంద్రంలో కరెంటు మొత్తం పోయింది, అత్యవసర సరఫరా కూడా అందలేదు. సుమారు 17 గంటలు అదే పరిస్థితి. రియాక్టర్ మొదట్లోనే ఆగిపోయింది, అంటే గొలుసు చర్య ఆగింది. అయినా అక్కడి సిబ్బందికి రెండు పనులు మిగిలాయి. ఆగిన గొలుసు మళ్లీ రాజుకోకుండా చూడటం మొదటిది. అందుకోసం కొందరు టార్చి లైట్లు పట్టుకుని చీకట్లో పైకెక్కి, చేత్తో కవాటాలు తిప్పి, బోరాన్ కలిసిన ద్రవాన్ని వదిలారు. బోరాన్ న్యూట్రాన్లని మింగేస్తుంది కాబట్టి విచ్ఛిత్తికి తావుండదు. రెండోది, ఇంధనాన్ని చల్లబరుస్తూ ఉండటం. మంటలార్పడానికి పెట్టుకున్న డీజిల్ పంపులతోనే ఆవిరి జనరేటర్లకి నీళ్లు కొట్టి ఆ వేడిని లాగేశారు. ఇంధనం చెడలేదు, రేడియోధార్మికత బయటికి రాలేదు. బోరాన్ విచ్ఛిత్తి కోసం, నీళ్లు క్షయం కోసం. చీకట్లో, పొగలో ఆ రెండు పనులూ విడివిడిగా గుర్తుపెట్టుకుని చేసిన ఆ ఉద్యోగులంటే నాకెంతో గౌరవం.

ఆగిపోయిన రియాక్టర్‌లో వేడి ఎక్కడిదంటారా? కట్టెల పొయ్యి మీద అన్నం వండేవారికి ఇది తెలుసు, కట్టెలు బయటికి లాగేసినా మిగిలిన నిప్పుల మీద అన్నం ఇగురుతుంది. చీలిపోయిన ముక్కల క్షయం అలాంటి వేడి ఇస్తుంది. ఒక్కటే తేడా, పొయ్యిలో నిప్పులైతే నీళ్లు చల్లి ఆర్పేయొచ్చు, క్షయాన్ని నీళ్లు ఆర్పలేవు. పుట్టే వేడిని ఎప్పటికప్పుడు మోసుకుపోవడం వరకే నీళ్లు చేయగలిగింది.

జపాన్‌లోని ఫుకుషిమాలో 2011 మార్చి 11న తప్పింది సరిగ్గా ఇక్కడే. భూకంపం రాగానే నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతటవే ఆగాయి. విచ్ఛిత్తి వరకు ఏ పొరపాటూ జరగలేదు. కానీ ఆగిన క్షణంలో కూడా క్షయం వల్ల వచ్చే వేడి, నడిచేటప్పటి వేడిలో నూటికి ఆరేడు వంతులుంటుంది. రెండో యూనిట్ 2381 మెగావాట్ల వేడినిచ్చే రియాక్టర్, అంటే ఆపిన మరుక్షణం దాంట్లో 150 మెగావాట్ల దాకా పుడుతూనే ఉంది. గంట గడిచేసరికి నూటికి ఒకటిన్నర వంతుకి దిగుతుంది, రోజు గడిచినా పది మెగావాట్లకి తగ్గదు. భూకంపం వచ్చిన ముప్పావు గంట దాటాక సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లని ముంచేసింది. పంపులు ఆగాయి. నీళ్లు మరిగి ఆవిరైపోయాయి, ఇంధనం కరిగింది. ఇంధనం చుట్టూ ఉండే జిర్కోనియం గొట్టాలు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ని పుట్టించాయి. టీవీల్లో మనం చూసిన పేలుళ్లు ఆ హైడ్రోజన్‌వి. అణుబాంబు పేలుడు కాదు, అసలు ఆ సమయానికి అక్కడ విచ్ఛిత్తే లేదు. మూడు రియాక్టర్లను కరిగించింది క్షయం.

మన హైదరాబాద్‌లోనే ఈ తేడాని చేత్తో పట్టి చూడగలిగిన చోటు ఒకటుంది. ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, అందరూ ఎన్‌ఎఫ్‌సీ అంటారు. 1971లో మొదలైంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్విన ఖనిజం నుంచి తీసిన యురేనియం కూడా అక్కడికి వస్తుంది. దాన్ని నల్లటి చిన్న బిళ్లలుగా చేసి, జిర్కోనియం మిశ్రమపు గొట్టాల్లో పేర్చి, గొట్టాలను కట్టగా బిగిస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్లకి వెళ్లే కట్టలో 19 గొట్టాలుంటాయి. పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోలు అటూ ఇటూ. ఆ కొత్త కట్టని పనివాళ్లు గ్లౌజులు వేసుకుని చేత్తో ఎత్తుతారు. అందులో యురేనియం క్షయం చెందుతూనే ఉంటుంది, కానీ చాలా మెల్లగా. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు. అదే కట్ట రియాక్టర్‌లో కొన్నాళ్లు మండి బయటికొచ్చాక దాని దగ్గరికి మనిషి వెళ్లకూడదు. యంత్రాలతో తీసి లోతైన నీటి తొట్టెల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. పైకి చూస్తే అదే కట్ట. లోపల మాత్రం విచ్ఛిత్తి వల్ల పుట్టిన వందల రకాల ముక్కలు చేరాయి. కొన్ని క్షణాల్లో మారిపోయేవి, కొన్ని అయోడిన్‌లా రోజులు తీసుకునేవి, కొన్ని సీజియం-137 లాగా 30 ఏళ్ల అర్ధాయువు గలవి. విచ్ఛిత్తి ఎక్కడ జరిగితే అక్కడ క్షయం పని మొదలవుతుంది. క్షయం జరగడానికి మాత్రం విచ్ఛిత్తి అక్కర్లేదు. మీలో, నాలో, మీ పాపలో కూడా పొటాషియం-40 ఉంది. పెద్దవాళ్ల ఒంట్లో అది సెకనుకి నాలుగు వేల సార్లు పైచిలుకు క్షయం చెందుతుంది, మనం పుట్టినప్పటి నుంచీ.

మీ తమ్ముడు లెక్చరర్‌ని అడిగి ఇరుకున పెట్టగల ప్రశ్నలు రెండు ఇస్తాను. మొదటిది, యురేనియం ఎవరూ తాకకుండా తనంతట తాను చీలగలదా? చీలగలదు. 1940లో సోవియట్ శాస్త్రవేత్తలు ఫ్ల్యోరోవ్, పెత్ర్‌జాక్ దీన్ని కనుగొన్నారు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు చీల్చాయేమో అన్న అనుమానం పోగొట్టడానికి మాస్కోలో భూగర్భ మెట్రో స్టేషన్‌లో ప్రయోగం చేసి చూశారు. దీన్ని స్వచ్ఛంద విచ్ఛిత్తి అంటారు, తనంతట తాను జరుగుతుంది కాబట్టి ఇది క్షయం కిందికే వస్తుంది. యురేనియం-238లో ఇంచుమించు ఇరవై లక్షల మామూలు క్షయాలకి ఒక్కసారి జరుగుతుంది. కాబట్టి "క్షయం తనంతట తాను జరుగుతుంది, విచ్ఛిత్తికి న్యూట్రాన్ కావాలి" అని బట్టీపట్టిన వాక్యం రియాక్టర్ విషయంలో సరిపోతుంది గానీ ప్రకృతి మొత్తానికి సరిపోదు.

రెండో ప్రశ్న ఇంకా బాగుంటుంది. గొలుసు చర్యలో ఒక తరం న్యూట్రాన్ల నుంచి ఇంకో తరం రావడానికి సెకనులో వెయ్యో వంతు, కొన్ని రియాక్టర్లలో అంతకంటే తక్కువ సమయం పడుతుంది. మరి మనిషి గానీ యంత్రం గానీ అంత వేగాన్ని ఎలా అదుపు చేస్తుంది? జవాబు క్షయంలో ఉంది. చీలిక వల్ల వచ్చే న్యూట్రాన్లలో వెయ్యికి ఆరేడు అప్పటికప్పుడు రావు. బ్రోమిన్-87 లాంటి ముక్కలు క్షయం చెందాకే వస్తాయి, దాని అర్ధాయువు 55 సెకన్లు. గొలుసు నిలబడటానికి ఆ ఆలస్యంగా వచ్చేవి కూడా కావాలి అనేలా రియాక్టర్‌ని నడుపుతారు. అప్పుడు మార్పులన్నీ సెకన్లలో, నిమిషాల్లో జరుగుతాయి, న్యూట్రాన్లని మింగే కడ్డీలు, అంటే కంట్రోల్ రాడ్లు, దించడానికి వ్యవధి దొరుకుతుంది. ఆగిపోయాక అంత ఇబ్బంది పెట్టే క్షయమే, నడిచేటప్పుడు రియాక్టర్‌ని మన చేతిలో ఉంచుతోంది. చదువుకునే రోజుల నుంచి ఈ విషయం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా కొత్తగానే ఉంటుంది.

ఇక చెర్నోబిల్. దాని గురించి తమ్ముడు చెప్పింది కొట్టేయకూడదు. 1986 ఏప్రిల్ 26న ఆ రియాక్టర్ పేలినప్పుడు లోపల పోగైన అయోడిన్-131 గాలిలో కలిసి గడ్డి మీద పడింది. ఆవులు ఆ గడ్డి తిన్నాయి, పిల్లలు ఆ పాలు తాగారు. పిల్లల థైరాయిడ్ గ్రంథి చిన్నది, పైగా ఆ ప్రాంతాల్లో అయోడిన్ లోపం ఉంది. దొరికిన అయోడిన్‌ని గ్రంథి దాహంగా పీల్చుకుంది. అప్పటికి 18 ఏళ్లలోపున్న వారిలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి, వాటిలో చాలావాటికి ఆ పాలే కారణం. సమయానికి పాలు ఆపించి ఉంటే ఎంతోమంది పిల్లలు తప్పించుకునేవారు. ఎనిమిది రోజుల అర్ధాయువు గల పదార్థం కదా, కొన్ని వారాలు ఆగితే చాలు.

అదే పదార్థం మీ అమ్మగారికి మందు ఎలా అయింది? ఆ పిల్లల గ్రంథిలో కణాలు దెబ్బతిన్నాయి కానీ చావలేదు. దెబ్బతిన్న కణం బతికి, ఏళ్ల తర్వాత దారి తప్పడం వల్ల క్యాన్సర్ వచ్చింది. వైద్యంలో ఇచ్చే మోతాదు మిగిలిన థైరాయిడ్ కణాలని పూర్తిగా చంపేయడానికి. ఆపరేషన్‌లో కత్తికి దొరకని కణాలు, వేరే చోటికి పాకిన క్యాన్సర్ కణాలు ఉంటే అవి అయోడిన్‌ని వెతికి పట్టుకుంటాయి. అందులోంచి వచ్చే బీటా కిరణం ఒంట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోదు. పట్టుకున్న కణాన్నీ దాని పక్కవాటినీ మాత్రమే కొడుతుంది. చిన్న పిల్లలకీ 58 ఏళ్ల మనిషికీ ముప్పులో చాలా తేడా ఉందన్నది కూడా మర్చిపోవద్దు. దుష్ప్రభావాలు బొత్తిగా ఉండవని నేననను. నోరు ఎండిపోవడం, లాలాజల గ్రంథుల వాపు, వికారం కొందరికి వస్తాయి. వాటి గురించి డాక్టర్‌ని ముందే అడగండి.

పాప విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బీటా కిరణం అమ్మగారి ఒంట్లోనే ఆగిపోతుంది, గామా కిరణం బయటికి వస్తుంది. దానికి మందు దూరమే. దూరం రెట్టింపు అయితే తగిలేది నాలుగో వంతు అవుతుంది. ఒంట్లో మిగిలిన అయోడిన్‌లో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది, ఆసుపత్రి విడి గదిలో ఉంచేది అందుకే. ఇంటికొచ్చాక ఎన్ని రోజులు పాపని ఎత్తుకోకూడదో, పక్కన పడుకోబెట్టుకోకూడదో న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ కొలిచి చెప్తారు. వీలైతే ఆ రోజులు పాపని మీ అత్తగారింట్లో ఉంచండి. మూడేళ్ల పిల్లకి "అమ్మమ్మ దగ్గరికి వెళ్లొద్దు" అని చెప్పి ఒకే ఇంట్లో ఆపడం కష్టం, ఇద్దరికీ ఏడుపే మిగులుతుంది. అమ్మగారి కంచం, గ్లాసు, తువ్వాలు, పక్క బట్టలు విడిగా ఉంచండి. బాత్‌రూమ్ వాడాక రెండుసార్లు నీళ్లు వదలమనండి, చేతులు బాగా కడుక్కోమనండి. మంచినీళ్లు బాగా తాగాలి. ఇంట్లో గర్భవతులెవరైనా ఉంటే వాళ్ల సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. బిళ్ల ఇచ్చే ముందు కొన్ని రోజులు అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు లాంటివి మాన్పిస్తారు. గ్రంథి కణాలు అయోడిన్‌కి ఆకలితో ఉంటేనే మందుని బాగా పట్టుకుంటాయి. ఏం తినాలో, ఏం తినకూడదో వాళ్లిచ్చే జాబితా ప్రకారమే వెళ్లండి. ఇంట్లో ఊరగాయలో ఏ ఉప్పు వేశారో కూడా ఆలోచించుకోండి.

డాలస్ ప్రయాణానికి అడ్డేమీ లేదు, డాక్టర్ సరేనంటే చాలు. రెండు నెలలంటే అయోడిన్-131కి ఏడున్నర అర్ధాయువులు. ఒంట్లోంచి ఒక్క చుక్క బయటికి పోలేదనుకున్నా క్షయం వల్లే 180వ వంతుకి దిగిపోతుంది, నిజానికి మిగిలేది అంతకంటే ఇంకా చాలా తక్కువ. పక్క సీట్లో కూర్చునేవాళ్లకి దానివల్ల ఏమీ కాదు. కానీ విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో పెట్టే రేడియేషన్ డిటెక్టర్లు చాలా సున్నితమైనవి, మిగిలిన ఆ కాస్తకే మోగొచ్చు. మోగితే అధికారులు పక్కకి తీసుకెళ్లి ప్రశ్నలు వేస్తారు. ఇంగ్లీషు సరిగా రాని పెద్దావిడ ఒంటరిగా ఉంటే కంగారుపడతారు. అందుకని ఆసుపత్రి నుంచి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇంగ్లీషులో తీసుకోండి. అందులో అమ్మగారి పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇచ్చిన మందు అయోడిన్-131 అని, ఎన్ని మిల్లీక్యూరీలో, ఏ తేదీన ఇచ్చారో, డాక్టర్ సంతకం, ఫోన్ నంబరు ఉండాలి. రెండు కాపీలు చేయించి, ఒకటి పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో పెట్టండి, ఇంకొకటి మీ అన్నయ్యకి ముందే పంపండి.